ఎర్ర గీత మందం

చైనా యుద్ధం ఎవరి వల్ల వచ్చింది అన్న పంచాయితీ మా ఊళ్లో ఇద్దరు మనుషుల మధ్య పదిహేడేళ్లు నడిచింది. 1962లో మొదలై 1979 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆగింది. చివరి మూడు నాలుగేళ్లు నేను పక్కనే ఉన్నాను. పేపర్ చదివి వినిపించే పని నాదే.

మా ఊరు పోచంపల్లికి దగ్గర. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఆ ఇద్దరిలో ఒకరు మా తాత, బాయి కింద వ్యవసాయం. ఇంకొకాయన పద్మశాలి, గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. పిల్లలందరం ఆయన్ని మగ్గం తాత అనేవాళ్లం. ఆయన మా తాతను ‘అన్నా’ అని పిలిచేవాడు, మా తాత ఆయన్ని ‘తమ్మీ’ అనేవాడు. ఆ పిలుపు సంగం నేర్పిందని నాయనమ్మ చెప్పేది. ఆంధ్ర మహాసభను ఊళ్లల్లో సంగం అనేవాళ్లు. అంతకుముందు మగ్గం తాత వాళ్ల నాయన మా ముత్తాతను ‘పటేలా’ అనే పిలిచాడట, వాకిట్లో నిలబడి.

ఇద్దరూ సంగంలో పనిచేశారు. రావి నారాయణరెడ్డి ఉపన్యాసం వినడానికి భువనగిరి దాకా నడిచిపోయారు. రజాకార్ల కాలంలో ఊరు కాపలా కాశారు, 1948 సెప్టెంబర్‌లో మిలిటరీ వచ్చాక ఇద్దరూ కమ్యూనిస్టుల సాయుధ దళంతోపాటు అడవి పట్టారు. ఒకే గొంగడి కింద పడుకున్న రాత్రుల గురించి మా తాత చాలా తక్కువ చెప్పాడు. 1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటం విరమించింది, వీళ్లు ఇల్లు చేరారు. 1952 ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న మాట దగ్గర మాత్రం ఇద్దరి గొంతూ ఒక్కటే అయ్యేది.

పదేళ్ల తర్వాత, 1962 అక్టోబర్ 20న చైనా సైన్యం తూర్పున నామ్కా చూ వాగు దగ్గర, పడమర లడఖ్‌లో ఒకేసారి దాడి చేసింది. నెల తిరిగి, నవంబర్ 21న తనంతట తానే కాల్పులు ఆపేసింది. ఆ నెల రోజుల్లోనే దేశంలో కమ్యూనిస్టు పార్టీ మనసులో రెండుగా చీలింది. కాగితం మీద చీలడానికి 1964 దాకా పట్టింది. చైనాది దురాక్రమణ అని పార్టీ జాతీయ సమితి నవంబర్ మొదట్లో తీర్మానం చేసింది. సుందరయ్య, బసవపున్నయ్య లాంటి వాళ్లు సరిహద్దు గొడవ మాటలతో తేల్చుకోవాలన్నారు. దేశ రక్షణ నిబంధనల కింద వందలమందిని పట్టుకుపోయారు. పెద్ద నాయకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. మా ఊరి నేతగాడు ఏ చరిత్రలోనూ లేడు.

ఆ రాత్రి సంగతి నాకు నాయనమ్మ చెప్పింది. మగ్గం తాతను తీసుకుపోవడానికి వచ్చిన పోలీసులు ముందు మా ఇంటి దగ్గర ఆగారు. “వాడు చైనా మనిషేనా?” అని మా తాతను అడిగారు. తాత అవుననలేదు, కాదనలేదు. తల వంచుకొని నిలబడ్డాడు. ఎదురుగా ఇరవై గజాల దూరంలో మగ్గం తాత తన గుమ్మంలో ఉన్నాడు. కందిలి వెలుగులో అంతా కనబడుతూనే ఉంది. అడవిలో మూడేళ్లు ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డం ఉన్న మనుషులు. “మీ తాత ఆ ఒక్క రాత్రే భయపడ్డడు బిడ్డా” అనేది నాయనమ్మ. భయమో, నిజంగానే కోపమో నాకు ఇప్పటికీ తెలియదు. మన జవాన్లు మంచులో చచ్చిపోతుంటే ‘మాట్లాడుకోవాలె’ అంటాడేంది అని ఆయనకు మంట ఉండేదని మాత్రం తెలుసు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఆ నెలలోనే ఊళ్లో జాతీయ రక్షణ నిధికి చందాలు పోగు చేశారు. మా నాయనమ్మ చెవుల కమ్మలు తీసి ఇచ్చింది. మగ్గం తాత భార్య, మేము అవ్వ అనేవాళ్లం, ఆమెకు బంగారం లేదు. మగ్గం మీంచి కోసిన కొత్త చీర ఒకటి మడిచి తెచ్చి ఇచ్చింది. అప్పటికి భర్త జైలుకుపోయి వారం కాలేదు. ఆ చీర తీసుకోవాలా వద్దా అని చందాలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

ఆయన ఏడాది దాటాక వచ్చాడు. తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. మా తాత సీపీఐలో ఉన్నాడు, ఆయన సీపీఎంలోకి పోయాడు. ఎప్పుడు, ఎట్లా మళ్లీ కలిశారో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. నాకు తెలివి వచ్చేసరికి రోజూ పొద్దున మా తాత ఆయన పందిరి కిందికి పోయేవాడు, కూర్చున్న కాసేపటికే చైనా మాట వచ్చేది. ఆ రాత్రి మాట మాత్రం ఎన్నడూ రాలేదు. పెద్దయ్యాక నాకు అర్థమైంది, వాళ్లు మళ్లీ మాట్లాడుకోవడానికి దొరికిన దారి ఆ పంచాయితీ ఒక్కటే.

పందిరి కింద ఒక పక్క అవ్వ ఆసు పోస్తుండేది. మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఆమె కుడి చెయ్యి అటూ ఇటూ పోతూనే ఉండేది, ఒక్కో చీరకు వేలసార్లు. రాత్రి ఆ చెయ్యి ఎత్తి అన్నం కలుపుకోలేకపోయేది. చింతకింది మల్లేశం ఆసు యంత్రం రావడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. ఇంకో పక్క మగ్గం తాత బిగించిన దారం మీద చిటికి కట్టేవాడు. పాత సైకిల్ ట్యూబు సన్నగా కోసిన రబ్బరు ముక్కలు నా ఒళ్లో ఉండేవి, ఒక్కొక్కటే అందించాలి. రంగు అంటకూడని చోట ఆ రబ్బరు గట్టిగా చుట్టాలి. ఎక్కడ చుట్టాలో గ్రాఫు కాగితం మీద డిజైన్ గీసుకొని ఉండేవాడు. ఒక్క గడి తప్పితే చీరలో పువ్వు వంకర పోతుంది.

మా తాత వాదం సూటిగా ఉండేది. “ఎవడు ముందుగాల గీత దాటితె వాడిదే తప్పు. అక్టోబర్ 20న తుపాకి ఎవడు పేల్చిండు?” ఆయన దగ్గర ఒక వరస ఉండేది. 1954లో పంచశీల ఒప్పందం మీద సంతకం చేసి, ఆ సిరా ఆరకముందే చైనావాళ్లు లడఖ్ పక్కన మనం మనదనే అక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు వేసుకున్నారు, 1957కల్లా పూర్తి చేశారు. 1959 అక్టోబర్‌లో కొంగ్కా లా దగ్గర మన పోలీసులను కాల్చి చంపారు. 1960లో బర్మాతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఉత్తరాన చాలామట్టుకు, తూర్పున మనం హద్దు అంటున్న ఆ మెక్‌మహన్ గీతనే ఒప్పుకున్నారు. “బర్మాకు పనికొచ్చిన గీత మనకెందుకు పనికిరాకపాయె తమ్మీ?” అనేవాడు. ఈ మాటకు మగ్గం తాత దగ్గర ఎప్పుడూ గట్టి జవాబు లేదు. అట్లాంటప్పుడు రబ్బరు ఇంకొంచెం గట్టిగా లాగి కట్టేవాడు.

మగ్గం తాత వాదం ఇంకోటి. “గీత దాటినోడిని అడిగే ముందుగాల గీత గీసినోడిని అడగాలె అన్నా.” ఆయన జైల్లో ఒక కాలేజీ లెక్చరర్‌తో ఉన్నాడు. పటాల సంగతి ఆయన దగ్గర నేర్చుకున్నదే. మెక్‌మహన్ అనే తెల్లదొర 1914లో టిబెట్ ప్రతినిధితో మాట్లాడి గీత గీయించాడు. చైనా ప్రతినిధి సిమ్లాలో ఒప్పందం ముసాయిదా మీద పొట్టి సంతకం పెట్టాడే కాని, వాళ్ల ప్రభుత్వం దాన్ని కాదంది. ఆ పటంలో ఒక అంగుళం అంటే ఎనిమిది మైళ్లు. గీత గీసింది ఎర్ర సిరాతో, లావుగా. “నేను గడి తప్పితె చీర ఒక్కటే ఖరాబైతది. వాడు లావుగ గీస్తె ఏమైతది?”

ఒకసారి నేను అర్థం కాలేదంటే డిజైన్ గ్రాఫు కాగితం తిప్పి, దాని వెనక గీసి చూపించాడు. అంతా కాదు, భూటాన్ మూల ఒక్కటే. కింద తవాంగ్‌కు ఒక చుక్క. పైన థాగ్ లా కొండ వరస, దాని కింద నీలం పెన్సిల్‌తో నామ్కా చూ వాగు. ఆ వాగుకు ఇంకా కింద ఎర్ర పెన్సిల్ అరగదీసి లావుగా గీత. అంగుళానికి ఎనిమిది మైళ్ల లెక్క తప్పకుండా స్కేలు పెట్టి కొలిచాడు. “గీత ఈడుంది. మనోళ్లు ఏమన్నరు? గుట్ట శిఖరమే హద్దు, గీత కొంచెం కిందికి పడ్డది అన్నరు. నీళ్లు ఎటు పారుతె హద్దు అటు అన్న లెక్క అది, మంచి లెక్కే. కాని పటంల లేదు. చైనోడు పటం జూడుమన్నడు. నడుమ మూడు నాలుగు మైళ్లు. ఆ మూడు నాలుగు మైళ్లల్ల 1962 జూన్‌ల మనోళ్లు ధోలా కాడ చౌకీ పెట్టిండ్రు, సెప్టెంబర్‌ల వాళ్లు కొండ దిగొచ్చిండ్రు.”

“అయితె చంపుతరా?” అన్నాడు మా తాత.

“చంపుమని నేనన్లే. చైనా ప్రధాని చౌఎన్‌లై 1960ల ఢిల్లీకి వచ్చి వారం రోజులుండె. గప్పుడే తేల్చుకోకపోతిరి అంటున్న.”

ఆ కాగితం నేను సోషల్ పీరియడ్‌కు తీసుకుపోయాను. సారు చూసి, తలుపు వైపు ఒకసారి చూసి, “ఇంటికి తీస్కపో, ఎవరికీ చూపియ్యకు” అన్నాడు. ఆరో తరగతి పిల్ల దగ్గర వాగు బొమ్మ ఉంటే ఆయనకు ఎందుకు భయం? ఆ పీరియడ్ అంతా నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి అట్లాసులో పెట్టాను.

ఇద్దరూ కలిసి కోప్పడే సంగతి ఒకటుండేది. ఆ గడ్డ మీద నిలబెట్టిన జవాన్ల ఒంటి మీద చలి బట్టలు లేవు. పద్నాలుగు వేల అడుగుల దాకా ఎత్తున్న ఆ కొండల్లో నూలు యూనిఫారం. తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు. 1961 నవంబర్ నుంచి ముందుకు పొండి, చౌకీలు పెట్టండి అని ఢిల్లీ చెప్పింది, ఎదుటివాడు తిరగబడడు అనుకుంది. “నూలు బట్ట నేసేటోన్ని, నాకు తెల్వదా అది ఎంత చలి ఆపుతదో” అన్నాడు మగ్గం తాత ఒకసారి, ఆయన గొంతు పూడుకుపోయింది. 1,383 మంది చనిపోయారు, దాదాపు పదిహేడు వందలమంది ఆచూకీ లేకుండా పోయారు, దాదాపు నాలుగు వేలమంది పట్టుబడ్డారు. నవంబర్ 18న లడఖ్‌లో రెజాంగ్ లా కనుమ దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ చివరి తూటా దాకా నిలబడింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ దిగిపోయాడు, సైన్యాధిపతి థాపర్ దిగిపోయాడు. థాపర్ చోట వచ్చింది జనరల్ చౌదరి. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యం నడిపిన చౌదరే, నల్లగొండలో దళాలను వేటాడినప్పుడు మిలిటరీ గవర్నర్‌గా ఉన్న చౌదరే. ఆయన పేరు రాగానే ఇద్దరూ ఒకేసారి నేల మీద ఉమ్మేసేవాళ్లు. ఆ తర్వాత మా తాత మాత్రం, “దేశానికి పనికొచ్చిండు, ఒప్పుకోవాలె” అని మెల్లగా అనేవాడు.

1979 ఫిబ్రవరి. శివరాత్రి దగ్గరికొచ్చింది, పొద్దున చలి ఇంకా పోలేదు. విదేశాంగ మంత్రి వాజపేయి చైనాలో ఉన్నాడు. 1962 తర్వాత అంత పెద్దమనిషి అక్కడికి పోవడం అదే మొదటిసారి, అందుకని ఆ వారమంతా ఇద్దరూ రేడియో దగ్గర చెవులు పెట్టుకొని ఉన్నారు. మగ్గం తాత కళ్లకు శుక్లాలు వచ్చి పేపర్ చదవలేకపోయేవాడు. ఫిబ్రవరి 17న చైనా వియత్నాం మీద దాడి చేసింది. వాజపేయి పర్యటన మధ్యలో ఆపి వెనక్కి బయలుదేరాడు. మరునాడో ఆ మరునాడో విశాలాంధ్ర పేపర్ పట్టుకొని పందిరి కింద కూర్చొని నేనే చదివాను. వియత్నాంకు గుణపాఠం నేర్పుతామని చైనా అన్న మాట కూడా చదివాను.

నేను చదవడం ఆపాక కూడా మగ్గం తాత చెయ్యి చాపే ఉంది, రబ్బరు కోసం. అందించాను. తీసుకోలేదు. వియత్నాం అంటే ఆయనకు ప్రాణం. అమెరికాను ఓడించిన చిన్న దేశం. ఇంట్లో దేవుడి పటాలుండే చోట హోచిమిన్ బొమ్మ ఉండేది.

అవ్వ ఆసు ఆగింది. ఆ చెయ్యి మధ్యలో ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

చాలాసేపటికి మగ్గం తాత అన్నాడు. “ఎవడు ముందుగాల గీత దాటితె వాడిదే తప్పు.”

అది మా తాత మాట. పదిహేడేళ్లు ఈయన ఒప్పుకోని మాట. నేను తాత మొహం చూశాను. గెలిచాడు గదా, ఏమంటాడో అని. తాత కండువా తీసి మడిచాడు, మళ్లీ విప్పాడు.

“గట్ల తొందరపడకు తమ్మీ” అన్నాడు. “వియత్నామోళ్లు మొన్న కంబోడియాలకు పోయిండ్రు గద. జనవరిల రాజధాని పట్టుకుండ్రు. గీత దాటినోడిని అడిగే ముందుగాల ఎనకటి సంగతి కూడ అడగాలె.”

“ఆ కంబోడియా పోల్‌పాట్ వీళ్ల పల్లెల మీద పడి చంపుతుంటె పోయిండ్రు.”

“నేను గదే అంటున్న. ఎవని కారణం వానికి ఉంటది.”

ఇద్దరూ ఎదుటివాడి మాటను మోస్తూ కాసేపు కొట్లాడుకున్నారు. ఒకరిని ఒకరు ఓదార్చుకోవడానికే అట్లా మాట్లాడారని ఇప్పుడు నాకు అనిపించే మాట నిజమే, కాని అంతే కాదు. మా తాత అన్నది కూడా ఆలోచించే అన్నాడు. ఆ పొద్దున ఆయన మాటల్లో జాలి ఒక్కటే ఉంటే మగ్గం తాత పట్టేసేవాడు.

తర్వాత తాత కిందికి చూస్తూ అన్నాడు. “ఆ రాత్రి నేను నోరు తెరవకపోతి.”

మగ్గం తాత తల ఎత్తలేదు. “రబ్బరు అందియ్ బిడ్డా” అన్నాడు నాతో. అందించాను. ఈసారి తీసుకొని కట్టాడు. అవ్వ చెయ్యి మళ్లీ కదిలింది.

తర్వాత కూడా రోజూ కూర్చున్నారు. వానలు, కరెంటు, నూలు ధర, మనవళ్ల చదువులు. చైనా మాట నేను విన్నది లేదు. మా తాత 1986లో పోయాడు. పాడెకు ముందు భుజం మగ్గం తాతదే, కళ్లు కనబడకపోయినా.

నా లెక్క కూడా చెప్పాలి, ఇంతకాలం ఇద్దరివీ విన్నదాన్ని. 1962 అక్టోబర్‌లో సైన్యాన్ని నడిపించి రక్తం పారించిన తప్పు చైనా ప్రభుత్వానిది. గీత మీద అనుమానం ఉంటే అన్ని వేలమందితో కొండ దిగి రావడం జవాబు కాదు. కాని నూలు బట్టల్లో జవాన్లను అక్కడ నిలబెట్టిన తప్పు చైనాది కాదు, అది మనవాళ్లదే. ఎందుకు ఓడిపోయామో తేల్చడానికి హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు 1963లో ఇచ్చిన నివేదికను ఏ ప్రభుత్వమూ ప్రజల ముందు పెట్టలేదు. పార్టీలు మారాయి, ప్రధానులు మారారు, ఆ ఫైలు అట్లాగే ఉంది. చనిపోయిన వాళ్ల పిల్లలు కూడా ముసలివాళ్లయ్యారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇక ‘మాట్లాడుకోవాలె’ అన్నందుకు ఒక నేతగాడిని ఏడాది లోపల పెట్టిన తప్పును నేను ఏ లెక్కలో వెయ్యాలి?

2020 జూన్‌లో కరోనా భయంతో అందరం ఇళ్లలోనే ఉన్నాం. 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఇరవైమంది మనవాళ్లు చనిపోయారు. వాళ్ల కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. టీవీలో సూర్యాపేట రోడ్లు, జనం, పూలు, ఆ చిన్న పిల్లలు. నేను చూడలేక లేచిపోయాను. నల్లగొండలో మా వీధిలో ఆ రాత్రి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. టీవీలో మాత్రం తప్పు ఎవరిది అని అరుస్తూనే ఉన్నారు.

మా అబ్బాయి అప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. “అమ్మా, అసలు ఆ గీత ఎక్కడుంది?” అని అడిగాడు. గల్వాన్ అయితే నాకు చూపించడం రాదు. అట్లాసులోంచి గ్రాఫు కాగితం తీసి ఇచ్చాను. మడతల దగ్గర చిరుగుతోంది. ముందు వైపు చీర కొంగు డిజైన్, వెనక తవాంగ్ చుక్క, నీలం వాగు. నీలం వెలిసిపోయింది, ఎరుపు మాత్రం అట్లాగే ఉంది.

వాడు కాగితాన్ని దీపం కిందికి జరుపుకొని, నా టేబుల్ మీది స్కేలు తీసుకొని ఎర్ర గీత మందం కొలిచాడు. రెండు మిల్లీమీటర్లు. అంగుళానికి ఎనిమిది మైళ్లని నేను చెప్తే ఫోన్లో లెక్క వేశాడు.

“కిలోమీటర్ అమ్మా” అన్నాడు. “గీత మందమే కిలోమీటర్.”